ఒక మడిలో ఎందరి పాలు

ఇండోనేషియాలోని జావా పల్లెల్లో పొలాన్ని ఎకరాల్లో చెప్పుకోరు. యోగ్యకర్త నగరానికి దక్షిణాన, బంతుల్ జిల్లాలో నేను ఉన్న ఊళ్లో ఎవరికి ఎంత భూమి ఉందని అడిగినా ఉబిన్ల లెక్కలోనే జవాబు వచ్చేది. ఉబిన్ అంటే పద్నాలుగు చదరపు మీటర్లకు కాస్త పైన. మూడు ఉబిన్లు కలిస్తే మన సెంటు కంటే పిసరంత ఎక్కువ. అయిదు వందల ఉబిన్లు ఒక బావు, అంటే మన లెక్కన ఎకరం ముప్పాతిక. ఊరంతా కలిపి చూసినా బావు మాగాణి సొంతానికి ఉన్న ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గోదావరి డెల్టాలో పుట్టి, అయిదెకరాల ఆసామిని చిన్న రైతు అనడం వింటూ పెరిగిన నాకు, నూట నలభై ఉబిన్ల వరి మడి ఉన్నవాళ్లను ఆ ఊరు కలిగినవాళ్లుగా చూడడం తొలి రోజుల్లో అర్థమయ్యేది కాదు. అర ఎకరం కూడా లేని ఆ మడి ఎంతమందికి అన్నం పెడుతుందో పూర్తిగా తెలిసిరావడానికి రెండు పంటకాలాలు పట్టింది.

నేను అక్కడికి వెళ్లింది 1996లో, వరి రైతులకు పొలం గట్టు మీదే నడిపే బడుల పని నేర్చుకోవడానికి. 1980ల నడుమ జావా వరిని సుడిదోమ ఊడ్చిపెట్టింది. మందు కొట్టినకొద్దీ దోమను తినే సాలీళ్లూ మిత్ర పురుగులూ చచ్చిపోయి, దోమ ఇంకా పెరుగుతోందని తేలాక, 1986లో అధ్యక్షుడి ఉత్తర్వుతో వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించారు. రైతులే వారానికోసారి మడిలోకి దిగి, దుబ్బు మొదట్లో పురుగులను లెక్కపెట్టి, మందు కావాలో వద్దో తామే తేల్చుకునే బడులు 1989లో యోగ్యకర్త ప్రాంతంలో మొదలయ్యాయి. ఆ తరవాత కొన్నేళ్లకు మన వ్యవసాయ శాఖ ‘పొలంబడి’ పేరుతో నడిపింది ఈ పద్ధతినే. అప్పట్లో అక్కడి మడుల్లో ఎక్కువగా కనిపించిన రకం ఐఆర్ 64. మన మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కాటన్‌దొర సన్నాలకు అది తండ్రి రకం కాబట్టి, ఆ కంకులను తలచుకుంటే ఇప్పటికీ నాకు మన చేలే గుర్తుకు వస్తాయి. నేర్చుకోవలసిన పని నేర్చుకునే వచ్చాను. అయితే ఆ ఊరివాళ్లు తమ కొద్దిపాటి ఆస్తిని ఎలా నిలుపుకున్నారో, ఎలా పంచుకున్నారో చూసిన జ్ఞాపకాలే ఇన్నేళ్లుగా నన్ను ఎక్కువగా వెంటాడుతున్నాయి. వాటినే ఇక్కడ రాసుకుంటున్నాను.

నాకు బస ఇచ్చిన ఇంటి పెద్ద, భర్త పోయిన ఒక ముసలావిడ. ఊళ్లో అందరూ ఆమెను సింబహ్ అనేవారు. మన నాయనమ్మ, అమ్మమ్మ వంటి పిలుపు అది. నేనూ అలాగే పిలిచాను. ఆవిడకు ముగ్గురు పిల్లలు. పెద్ద కూతురు ప్రాథమిక పాఠశాలలో టీచరు కావడంతో ఊరికంతటికీ ఆమె బు గురు. రెండోవాడైన కొడుకు జకార్తాలో భవనాలు కట్టే పనిలో ఉండేవాడు. చిన్న కూతురు, ఆమె భర్త, ఇద్దరు పిల్లలు సింబహ్‌తో కలిసి ఉండేవారు. ఇల్లు లిమసన్ పద్ధతిలో కట్టింది. నాలుగు వైపులా వాలిన పెంకుల కప్పు, లోపల టేకు స్తంభాలు, ముందు గోడలు ఇటుకవి, వెనక వంటింటికి మాత్రం వెదురు తడికలు. లోపలి గదుల వరసలో నడిమి గదిలో ఎవరూ పడుకునేవారు కాదు. విత్తనాల వడ్లు, పాత గొడుగు ఒకటి, భర్త వదిలి వెళ్లిన కత్తి అందులో ఉండేవి. అది దేవి శ్రీ గది. రోజూ అయిదు పూటలా నమాజు చేసే సింబహ్, వరికి అధిదేవత అయిన ఆ తల్లి గదిని తన చేత్తోనే ఊడ్చేది. ఈ రెండింటికీ పొసగదని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. ధాన్యలక్ష్మిని ఇంట్లోకి పిలుచుకునే ఊరి నుంచి వెళ్లిన నాకూ ఆ గది గడప దగ్గర పరాయితనం అనిపించలేదు.

ఇంటి చుట్టూ ఉన్న స్థలాన్ని పెకరంగన్ అంటారు. జావా రైతు ఆస్తిలో మాగాణి ఒక సగమైతే ఈ పెరటితోట రెండో సగం. ఆ తోటను చూసి చూసి నాకు తనివి తీరేది కాదు. పైన కొబ్బరి, వాటి కింద పనస, మామిడి, మెలింజో చెట్లు, వాటికి దిగువన అరటి, బొప్పాయి, ఆ నీడలో చేమ, కర్రపెండలం, పసుపు, దుంపరాష్ట్రం. నేల మీద కోళ్లు, మూలన మేకల పాక, పాక వెనక పెంటకుప్ప, కుప్ప పక్కనే గుమ్మడి పాదు. మెలింజో లేత ఆకు కూరలోకి, పండు గింజలు దంచి ఎండబెట్టి వేయించుకునే అప్పడాల్లోకి వాడేవారు. వాటిని సింబహ్ బజారులో అమ్మేది. అక్కడి సంత వారానికోసారి కాకుండా అయిదు రోజులకోసారి తిరుగుతుంది. లెగి, పహింగ్, పోన్, వగే, క్లివోన్ అని అయిదు రోజుల పేర్లు. మా పక్క ఊరి సంత పోన్ నాడు. ఆ రోజు చీకటితోనే సింబహ్ బుట్టను వీపుకు గుడ్డతో కట్టుకుని బయల్దేరేది. అమ్మకం, కొనుగోలు, బేరం, డబ్బు దాచడం అన్నీ ఆడవాళ్ల చేతుల్లోనే ఉండేవి. మగవాళ్లు సంతలో ఎక్కువగా పశువుల వైపు, పావురాల వైపు కనిపించేవారు.

పెరటికి కంచె ఉంది, కానీ అది బెలుంతాస్ అనే పొద. దాని చిగుళ్లను ఉడకబెట్టి సంబల్ అనే మిరప పచ్చడితో తింటారు. పొరుగింటివాళ్లు తమ వైపు నుంచి గిల్లుకుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఒకరి పెరట్లోంచి మరొకరి పెరట్లోకి కాలిబాటలు ఉండేవి. బడికి వెళ్లే పిల్లలు, గడ్డి మోపులతో వచ్చేవాళ్లు వాటి మీదే నడిచేవారు. రాలిన కొబ్బరి మట్ట ఏ ఇంటి చెట్టుదైనా, పొయ్యిలోకి అవసరమైనవాళ్లు ఈడ్చుకుపోవచ్చు. కాయ మాత్రం చెట్టు సొంతదారుది. ఈ తేడా మూడేళ్ల పిల్లకు కూడా తెలుసు. మా బావి నీళ్లను నాలుగు ఇళ్లవాళ్లు తోడుకునేవారు. ఆ నాలుగింటిలో ఒక ఇల్లు అసలు సింబహ్ పెరట్లోనే ఉంది. తనకంటూ నేల లేని ఒక కుటుంబం సింబహ్ మామగారి కాలం నుంచి అక్కడ ఇల్లు వేసుకుని ఉంటోంది. అద్దె లేదు, కాగితం లేదు. పెళ్లి వచ్చినా చావు వచ్చినా ఆ ఇంటివాళ్లు ముందుగా వచ్చి పొయ్యి రాజేసేవారు. వాళ్లను వెళ్లమనే మాట మూడు తరాలుగా ఎవరి నోటా రాలేదు.

అలాంటివాళ్లకు పూర్వం ఊళ్లో ప్రత్యేకంగా ఒక తరగతి ఉండేదని సింబహ్ చెప్పేది. మాగాణి, పెరడు, ఇల్లు మూడూ ఉన్నవాడు కులి కెంచెంగ్. పెరడు, ఇల్లు మాత్రమే ఉన్నవాడు కులి కరంగ్‌కోపెక్. ఒకరి పెరట్లో ఇల్లు వేసుకున్నవాడు ఇందుంగ్ త్లోసోర్. సుల్తాను కొలువుకు, ఊరికి చేయవలసిన వెట్టి ఆ తరగతిని బట్టి పడేది. భూమి ఎక్కువగా ఉన్నవాడి మీద బరువూ ఎక్కువే. యోగ్యకర్త సుల్తానుల రాజ్యం కనుక, భూమి మొత్తం సుల్తానుదే, రైతుది సాగు హక్కు మాత్రమే అన్న లెక్క చాలా కాలం నడిచింది. 1918లో అక్కడ భూమి వ్యవహారాన్ని తిరగరాసి ఊళ్లకు హక్కులు కట్టబెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1954లో యోగ్యకర్త ప్రాంతపు నిబంధన ఒకటి రైతుకు వంశపారంపర్యమైన సొంత హక్కును ఇచ్చింది. దేశమంతటికీ వర్తించే భూమి చట్టం 1960 సెప్టెంబరు 24న వచ్చినా, యోగ్యకర్తలో అది పూర్తిగా అమల్లోకి వచ్చింది 1984లోనే. ఈ సంవత్సరాలేవీ సింబహ్‌కు తెలియవు. తన తండ్రి పేరు ఊరి కచేరీలోని ‘లెటర్ సే’ పుస్తకంలోకి ఎక్కిన రోజు మాత్రం ఆవిడకు బాగా గుర్తు. ఆ రోజు ఇంట్లో కోడిని కోసి, ఇరుగుపొరుగును పిలిచి స్లామెతన్ అనే ప్రార్థన విందు పెట్టారట.

ఆ పుస్తకం మన అడంగల్ వంటిది. అందులో పేరు, పన్ను కట్టిన రశీదు ఉంటే ఊరి దృష్టిలో భూమి నీదే. సింబహ్ తన భూమి పన్ను రశీదులన్నీ పెద్ద బిస్కెట్ల డబ్బాలో పెట్టి నడిమి గదిలో దాచేది. ప్రభుత్వ ముద్ర ఉన్న హక్కు పత్రం ఆ రోజుల్లో ఊళ్లో సగం మందికి కూడా లేదు. దానికయ్యే ఖర్చుకూ, కచేరీల చుట్టూ తిరగడానికీ జంకి చాలామంది రశీదులతోనే సరిపెట్టుకున్నారు.

ఊరి అధికారులకు జీతం బదులు పొలం ఉండేది. ఊరి పెద్ద లురాహ్‌కు, మా వాడ పెద్ద పాక్ దుకుహ్‌కు, నీళ్లు వదిలే ఉలు-ఉలుకు పదవిలో ఉన్నంతకాలం సాగు చేసుకునే మడులు ఊరి ఉమ్మడి భూమిలోంచి ఇచ్చేవారు. వాటిని అక్కడ పెలుంగుహ్ అంటారు. పదవి దిగాక బతికినంతకాలం అనుభవించడానికి చిన్న ముక్క ఇంకొకటి విడిగా ఉండేది. మా తాతగారి కాలంలో కరణానికి, మునసబుకు ఉన్న మాన్యాల సంగతి విన్నదాన్ని కనుక ఇది నాకు చప్పున అర్థమైంది. మన దగ్గర ఆ పదవులు తండ్రి నుంచి కొడుక్కు దిగుతూ వచ్చి 1980లలో రద్దయ్యాయి. అక్కడ మాత్రం పదవి పోతే మడి తిరిగి ఊరికి చేరుతుంది. పాక్ దుకుహ్ తన మడుల్లో సగం తానే దున్నుకుని, మిగతా సగం భూమి లేని ఇద్దరికి సంగోరుకు ఇచ్చేవాడు. అందరు అధికారులూ అలా చేయరనీ, కొందరు ఎక్కువ ధర పాడినవాడికే కౌలుకు ఇస్తారనీ ఆ ఇద్దరే నాకు చెప్పారు.

ఇక సింబహ్ మాగాణి సంగతి. తండ్రి నుంచి వచ్చిన నూట నలభై ఉబిన్లు ఒక చోట, భర్తతో కలిసి కొన్న డెబ్బై ఉబిన్లు ఇంకొక చోట. వానాకాలంలో ఒక వరి, తరవాత మరొక వరి, ఎండలు ముదిరాక సోయాబీనో వేరుశనగో వేసేవారు. డెబ్బై ఉబిన్లను అల్లుడు సొంతంగా సాగు చేసేవాడు. నూట నలభై ఉబిన్లను మాత్రం వెనకింటి రైతుకు జావాలో ‘మరో’ అనే పాలు పద్ధతిలో, అంటే పంటలో సగం సగానికి ఇచ్చారు. అల్లుడు ఉండగా పొరుగువాడికి ఎందుకని నేను ఒకసారి అడిగాను. వాళ్ల నాన్న, మా నాన్న మడిలోనే నడుం వంచాడు, ఇప్పుడు మా అల్లుడికి చేతులు ఉన్నాయని వాళ్ల చేతులు ఖాళీ చేయిస్తానా అని సింబహ్ అన్నది.

ఆ మడిలో పాలున్నవాళ్లు వీళ్లిద్దరే కాదు. ఊడ్పులు వేసి కలుపు తీసిన ఆడవాళ్లలో కొందరు కూలి తీసుకునేవారు కాదు. దానికి బదులు కోతకు వచ్చే హక్కు వాళ్లది. కోసిన ధాన్యంలో తమ వంతును అక్కడే గట్టు మీద కొలిపించుకుని బుట్టలో పోసుకునేవారు. ఆ వంతును బవోన్ అంటారు. ఊరిని బట్టి, చుట్టరికాన్ని బట్టి ఎనిమిదింట ఒకటో పదింట ఒకటో ఉండేది. దగ్గరి బంధువు, పిల్లలున్న విధవ అయితే సింబహ్ కొలతలో చెయ్యి కాస్త వదులు చేసేది. నీళ్లు కట్టిన ఉలు-ఉలుకు కొంత ధాన్యం. కోత అయ్యాక రాలిన కంకులు ఏరుకోవడానికి ముసలివాళ్లు, భూమి లేనివాళ్లు దిగేవారు. మన దగ్గర పరిగె ఏరుకోవడం అంటామే, అదే పని. నూర్చిన గడ్డిని మళ్లీ దులిపి గింజలు రాల్చుకున్నా ఎవరూ అడ్డు చెప్పరు. ఆ తరవాత బాతుల మందలను తోలుకుంటూ ఎక్కడి నుంచో వచ్చిన మనిషి మడిలో మందను వదిలేవాడు. మిగిలిన గింజలు, నత్తలు బాతుల పాలు, వాటి రెట్ట మడి పాలు. రాత్రిపూట కుర్రవాళ్లు దీపాలు పట్టుకుని మడుల్లో మలుగుపాముల కోసం తిరిగేవారు. గట్టు మీద గడ్డి ఎవరు కోసుకున్నా అడిగేవారు లేరు. మేకలకు, ఆవులకు మేత అంతా అలా వచ్చిందే. ఆ ఆవుల్లో చాలావాటికి సొంతదారు ఒకరు, పెంచేవాడు ఇంకొకరు. దూడలు పుడితే ఇద్దరూ పంచుకోవాలి. మన ఊళ్లలో పశువును పాలికి ఇవ్వడం తెలిసినవారికి దీని గురించి వేరే చెప్పనవసరం లేదు.

మొదటి కంకులు కోసే ముందు మడి మూలన చేసే వివితన్ వేడుక ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టే ఉంది. కొబ్బరిపాలతో వండిన అన్నం, ఉడికిన గుడ్డు, చిన్న ఎండుచేపలు, సంబల్ అరటాకులో పెట్టి, సింబహ్ దేవి శ్రీకి తన మాటల్లోనే చెప్పుకునేది, మధ్యలో అల్లాను కూడా తలచుకునేది. తరవాత అని-అని అనే చిన్న కత్తితో నాలుగు కంకులు కోసేది. అది అరచేతిలో పూర్తిగా దాగిపోతుంది. పెద్ద కత్తిని చూస్తే వరి తల్లి బెదురుతుందని పూర్వం పంట మొత్తం దానితోనే ఒక్కొక్క కంకీ కోసేవారట. పొట్టి రకాలు వచ్చాక కొడవలి వచ్చింది. ఎంతోమంది ఆడవాళ్లు ఒకేసారి మడిలోకి దిగి కోసుకునే రోజులు దానితో తగ్గిపోయాయి. ఆకులో పెట్టిన అన్నం కోసం గట్టు మీద కాచుకుని కూర్చున్న పిల్లలు అది అయీ అవగానే పంచుకు తినేసేవారు.

అన్నీ ఇలా చక్కగా నడిచాయని నేను చెప్పను. పంట ఇంకా మడిలో ఉండగానే మొత్తంగా బేరం చేసి వ్యాపారికి అమ్మేయడం అప్పటికే చాలా ఇళ్లలో అలవాటైంది. దానికి తెబసన్ అని పేరు. వ్యాపారి తన మనుషులను తెచ్చి కోయించుకుపోతాడు. ఊడ్పులు వేసిన పొరుగువాళ్లకు కోత హక్కు ఉండదు, పరిగె కూడా మిగలదు. రైతుకు అందరికీ వంతులు కొలిచే బాధ తప్పుతుంది, డబ్బు ఒక్కసారే చేతికి వస్తుంది. అలా అమ్మిన ఇంటిని ఎవరూ వెలివేయలేదు, కానీ ఆ ఇంట్లో స్లామెతన్‌కు వంట సాయానికి వెళ్లే ఆడవాళ్లు తగ్గారు. సింబహ్ ఒక్క పంట కూడా తెబసన్‌కు ఇవ్వలేదు. 1960 నాటి చట్టాలు కౌలు పంపకానికి, భూమి పరిమితికి నిబంధనలు పెట్టిన మాట నిజమే. వాటిని అమలు చేయమని 1964లో పక్కనే ఉన్న క్లాతెన్ జిల్లాలో భూమి లేనివాళ్లు మడుల్లోకి దిగారు. 1965లో కమ్యూనిస్టులన్న పేరుతో మొదలైన హత్యాకాండ తరవాత ఆ విషయం ఎత్తే ధైర్యం ఎవరికీ మిగలలేదు. నేను ఉన్నంతకాలం ఆ సంవత్సరం పేరు వినబడితే పెద్దవాళ్లు మాట మార్చడమే చూశాను. ఊళ్లో భూమి ఎవరికి ఎంత మిగిలిందన్న దానికి ఆ మౌనం కూడా ఒక కారణమని నా నమ్మకం.

నన్ను అన్నింటికంటే కదిలించింది ఆస్తి పంపకం. సింబహ్ బతికి ఉండగానే పిల్లలకు పంచి ఇవ్వాలని నిర్ణయించుకుంది. తరవాత తగవులు రాకుండా జావాలో చాలామంది చేసే పని ఇది. మగవాడికి కావడి బరువు, ఆడపిల్లకు వీపు మూట అని, అంటే రెండు పాళ్లు, ఒక పాలు చొప్పున పంచే ఆచారం అక్కడ ఒకటి ఉంది. మతధర్మం ప్రకారం కూడా లెక్క అంతే వస్తుంది. అందరికీ సమానంగా పంచే ఆచారమూ అంతే బలంగా ఉంది. జకార్తా నుంచి కొడుకు వచ్చాడు. పాక్ దుకుహ్ సాక్షిగా కూర్చున్నాడు. తండ్రి నుంచి తనకు వచ్చిన నూట నలభై ఉబిన్లు తనది మాత్రమేననీ, భర్తతో కలిసి కొన్న డెబ్బై ఉబిన్లు ఇద్దరిదనీ సింబహ్ ముందుగా విడదీసి చెప్పింది. పెళ్లికి ముందున్నది ఎవరిది వారిదే, పెళ్లయ్యాక సంపాదించింది ఇద్దరిది అన్న ఆ లెక్క అక్కడ అక్షరం రాని ముసలమ్మకు కూడా కొట్టిన పిండి. నూట నలభైలో పెద్ద కూతురికి డెబ్బై, చిన్న కూతురికి డెబ్బై, కొన్న డెబ్బై కొడుక్కి. తనను చూసుకుంటున్నందుకు ఇల్లు, పెరడు చిన్న కూతురికి. పెరట్లో ఉన్న ఆ పేద కుటుంబం అక్కడే ఉండాలి. వెనకింటి రైతు సాగు నూట నలభై మీద ఎప్పటిలాగే సగం సగానికి సాగాలి. కొడుకు తల వంచుకుని విని, సరే అన్నాడు. ఆ తరవాత అందరూ కలిసి అన్నం తిన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఇంట్లో అక్క పెళ్లికి పసుపుకుంకుమల కింద ఎకరం పొలం రాశారు, కానీ దాని మీద పెత్తనం ఒక్కరోజు కూడా అక్కది కాలేదు. 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా మన రాష్ట్రం కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇస్తూ చట్టం చేసినప్పుడు దేశంలో చాలా రాష్ట్రాల కంటే ముందున్నామని చదివి గర్వపడ్డాను. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు కనుక మా అక్కకు దానివల్ల ఒరిగిందేమీ లేదు. సంతలో అప్పడాలు అమ్మే ఒక ముసలావిడ తన మడి, తమ మడి అని వేలు పెట్టి చూపించి, ఆ మాట మీద నలుగురు మగవాళ్లు తల ఊపడం చూశాక, చట్టం కాగితం మీద అడిగినది అక్కడ ఎప్పటి నుంచో ఇంటి వాడుకగా ఉందని తెలిసింది. మా అక్కకు ఆ వారమే పెద్ద ఉత్తరం రాశాను.

ఆ పంపకం జరిగిన ఏడాదే, 1997లో, వానలు మొహం చాటేశాయి. ఆ వెనకే రూపియా కుప్పకూలింది. ఆ ఏడు నడుమ డాలరుకు 2,400 రూపియా ఉన్నది, మరుసటి జనవరికల్లా పది వేలు దాటింది. జకార్తాలో సగం కట్టిన భవనాలు అలాగే ఆగిపోయి, కొడుకు భార్యాపిల్లలతో ఊరికి తిరిగి వచ్చాడు. మా వాడలో అలా వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ప్రతి ఇంట్లోనూ వాళ్లకు చోటు చేశారు. బావమరిది కోసం అల్లుడు డెబ్బై ఉబిన్ల సాగు వదులుకున్నాడు. వెనకింటి రైతు ఆ ఏడాదికి తన సగంలోంచి కొంత అల్లుడికి వదిలాడు. ఎవరూ కాగితం రాయలేదు. రాత్రి కావలికి తిరిగే మగవాళ్లు ఇంటింటి ముందు వేలాడదీసిన డబ్బాలోంచి పిడికెడు బియ్యం తీసుకువెళ్లి వాడ నిధిలో వేయడం ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. ఆ బియ్యాన్ని ఆ ఏడాది పని పోయి వచ్చిన ఇళ్లకు పంచారు. రెండు ఇళ్లవాళ్లు మాత్రం మడులను భోగ్యానికి పెట్టవలసి వచ్చింది. ఏడేళ్లు అనుభవించిన తరవాత భోగ్యం భూమిని డబ్బు అడగకుండా తిరిగి ఇచ్చేయాలని 1960 నాటి నిబంధన ఉంది. దాన్ని చూపించి భూమి తిరిగి అడిగినవాడిని ఆ ఊళ్లో నేను చూడలేదు. అప్పు ఇచ్చింది కూడా పక్కింటివాడే కావడం, మళ్లీ కష్టం వస్తే ఆ గడపే తొక్కవలసి రావడం దానికి కారణం. 1998 మే 21న దేశాధ్యక్షుడు సుహార్తో గద్దె దిగిన వార్త రేడియోలో వచ్చినప్పుడు మేమంతా రెండో పంట పనుల్లో ఉన్నాం. ఆ ఏడు చివర నేను ఇంటికి తిరిగి వచ్చేశాను.

సింబహ్ తరవాత కొన్నేళ్లకు పోయింది. 2006 మే 27 తెల్లవారుజామున వచ్చిన భూకంపంలో బంతుల్, క్లాతెన్ జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు నేలమట్టమై 5,700 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాదే వెళ్లి చూశాను. ఇంటి ముందు ఇటుక గోడలు కూలిపోయాయి, టేకు స్తంభాల చట్రం, వెదురు తడికల వంటిల్లు నిలిచాయి. ఇంట్లో అందరూ బతికారు. పెరట్లోని ఆ పేద కుటుంబపు పెద్దాయన మాత్రం దక్కలేదు. వాడలోని మగవాళ్లు వంతుల ప్రకారం ఒక్కొక్క ఇంటి శిథిలాలు తీస్తుంటే, ఆడవాళ్లు ఒకే చోట పొయ్యిలు పెట్టి అందరికీ వండారు. ప్రభుత్వ సాయం కూడా పది పదిహేను కుటుంబాల బృందాలకు కలిపి వచ్చింది. తొలి ఇల్లు ఎవరిది కట్టాలో బృందమే నిర్ణయించుకోవాలి. మా వాడ బృందం తొలుత కట్టింది ఆ పెద్దాయన కుటుంబానికే, సింబహ్ పెరట్లోనే. గోడలు పడిపోయినా హద్దుల మీద తగవు రాలేదని పాక్ దుకుహ్ చెప్పాడు. బెలుంతాస్ పొదలు వేళ్లతో సహా ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇప్పుడు ఆ ఊరికి రోడ్డు వెడల్పయింది. నగరం దక్షిణానికి పెరిగి, మడులను పూడ్చి వరసగా ఇళ్లు కట్టి అమ్ముతున్నారు. ఆహార భూములను కాపాడాలని 2009లో చట్టం వచ్చినా, ముక్క ముక్కగా అమ్ముడయ్యే మడులను అది ఆపలేకపోతోంది. కోత యంత్రాలు వచ్చాక పరిగె ఏరుకునేవాళ్లు కనబడడం లేదని చిన్న కూతురు చెబితే నాకు బాధ కలిగింది. 2017 నుంచి ఊరు మొత్తాన్ని ఒకేసారి కొలిచి హక్కు పత్రాలు ఇచ్చే పథకంలో వాళ్లకూ పత్రాలు వచ్చాయి. బిస్కెట్ల డబ్బాలో ఇప్పుడు రశీదులతో పాటు అవి ఉన్నాయి.

కొడుకు కూడా ఈమధ్య పోయాడు. జకార్తా పక్కన స్థిరపడిన అతని పిల్లలు ఆ డెబ్బై ఉబిన్లను ఇళ్లు కట్టేవాళ్లకు అమ్ముదామనుకున్నారు. అక్కచెల్లెళ్లిద్దరూ వెళ్లి మాట్లాడి, బయట పలికే ధర కంటే కొంత తగ్గించి తామే కొనుక్కునేలా ఒప్పించారు. ఉద్యోగ విరమణ డబ్బులోంచి బు గురు సగం కట్టింది. మిగతా సగాన్ని చిన్న కూతురు పంట పంటకూ వాయిదాలుగా కడుతోంది. మడిని వెనకింటి రైతు మనవడికి సగం సగానికి ఇచ్చారు. అతను కోతకు యంత్రం పెట్టించకుండా మనుషులను పిలుస్తున్నాడట. ఆఖరి వాయిదా వచ్చే వానాకాలపు పంటతో తీరుతుందని, ఆ తరవాత పత్రం మీద అక్క పేరు, తన పేరు పక్కపక్కనే రాయిస్తామని మొన్న ఫోనులో చెప్పింది.